ఒక రక్తపు చుక్క చెప్పే మెదడు, ప్రేగుల సంగతులు

‘బిడ్డకు రెండేళ్ళు నిండినా మాటలు రాలేదు, బ్రాహ్మీఘృతం ఇప్పించండి’ అంటూ తల్లిదండ్రులు నా వద్దకు వస్తుంటారు. ముందుగా నేనడిగేది ఒక్కటే: పుట్టినప్పుడు మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించారా? ఆ పరీక్ష ఉన్నదనే చాలామందికి తెలియదు.

మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లాలుగా రక్తంలో చేరుతాయి. వాటిలో ఫినైల్ అలనిన్ ఒకటి. దానిని మార్చవలసిన కాలేయపు ఎంజైము పుట్టుకతోనే లోపిస్తే, అది రక్తంలో పేరుకొని ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇదే ఫినైల్ కీటోనూరియా. జఠరాగ్ని బాగున్నా ధాత్వగ్ని మందగించవచ్చునని గురుకులంలో చదివిన మాటకు ఇంతకన్న దగ్గరి పోలిక నాకు తోచదు.

1934లో నార్వే దేశంలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల మూత్రం వింత వాసన వేస్తున్నదని చెప్పగా, డాక్టర్ ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అందులో ఫెరిక్ క్లోరైడు కలిపి చూశారు. అది ఆకుపచ్చగా మారింది. అష్టస్థాన పరీక్షలో మూత్రపరీక్షను అభ్యసించిన నాకు ఆ తల్లి గమనింపు పట్ల అపారమైన గౌరవం. మడమ రక్తపరీక్షను 1960ల తొలినాళ్ళలో అమెరికాలో రాబర్ట్ గత్రీ రూపొందించారు. డెసిలీటరు రక్తంలో సుమారు 1 మిల్లీగ్రాము ఉండవలసిన ఫినైల్ అలనిన్, వ్యాధి తీవ్రమైతే 20 దాటుతుంది.

ఏ ఘృతమైనా, లేహ్యమైనా ఆ ఎంజైమును తెచ్చిపెట్టజాలదు. పథ్యమే చికిత్స. మనం బలమని పెట్టే పాలు, పప్పు, గుడ్డు ఈ బిడ్డకు హాని చేస్తాయి. చనుబాలను సైతం కొలతగా, ప్రత్యేకమైన పాలపొడితో కలిపి, వైద్యుని పర్యవేక్షణలో ఇవ్వాలి. తొలి వారాల్లోనే మొదలుపెడితే బుద్ధి చక్కగా వికసిస్తుంది. ఆలస్యమైతే పోయినది తిరిగి రాదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు సంక్రమిస్తేనే ఈ వ్యాధి వస్తుంది గనుక, మేనరికపు ఇళ్ళవారు మరింత జాగ్రత్త వహించాలి. మన ఆసుపత్రులన్నింటిలోనూ ఈ పరీక్ష తప్పనిసరి కాదు. పాలు పట్టడం మొదలై ఒక రోజు గడిచాక అడిగి చేయించుకోవాలి.

ప్రేగుల విషయంలో సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉపకరిస్తుంది. రక్తంలోని సిట్రులిన్‌ను ప్రధానంగా చిన్నప్రేగు కణాలే తయారుచేస్తాయి. గోధుమ పడని సీలియాక్ వ్యాధిలోనో, శస్త్రచికిత్సలో ప్రేగు తీసివేసినప్పుడో అది తగ్గుతుంది. మూత్రపిండాలు చెడితే మాత్రం పెరుగుతుంది. కనుక ఆ అంకె ఒక్కటే చూసి నిర్ణయించరాదు. సిట్రులిన్ మొదట దొరికింది పుచ్చకాయలో, పేరూ దాని నుంచే వచ్చింది. ఆ పండు తిన్నా రక్తంలో పెరుగుతుంది కనుక పరగడుపునే రక్తం ఇవ్వాలి.