మీకు తెలుసా? రంగు కొత్తది, ఇంజను పాతది

మర్రిపాడు మెట్ట సీమ. ఇక్కడ బోటు ఇంజను ముచ్చటేమిటని ఎవరైనా అడగొచ్చు. పక్క మండలం అనంతసాగరంలోనే పెన్నకు అడ్డంగా సోమశిల ఉంది మరి. 78 టీఎంసీల జలాశయం. నిండిందంటే వెనక నీళ్లు కడప జిల్లాలోకి పాకుతాయి. అంత నీటి మీద పుట్టి తిప్పుతూ, తెప్పకు తెడ్డు వేస్తూ చేతులు అరిగినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఇంజను మీద మనసు పోతుంది. కొత్తది కొనేంత డబ్బు లేకపోతే చూపు తుమ్మలపెంట, మైపాడు, కృష్ణపట్నం వైపు తిరుగుతుంది. అక్కడ పాత బోటు దొరికితే దాని వెనక పలకకు వేలాడే ఇంజను కూడా బేరంలోకి వస్తుంది. విప్పి భుజాన వేసుకుపోగలిగే ఆ ఇంజనునే ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. మన తీరంలో చాలా ఫైబర్ బోట్లకు డీజిల్ ఇంజను బోటు లోపలే ఉంటుంది, దాని సంగతి ఇక్కడ ఎత్తడం లేదు.

ఈ మోటారుకు బాగా పేరు తెచ్చినవాడు ఓల్ ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టి అమెరికా చేరిన మెకానిక్కు. విస్కాన్సిన్‌లో ఒక సరస్సు మీద, మండే ఎండలో, కాబోయే భార్యకు ఐస్‌క్రీమ్ తేవడానికి పడవ వేసుకెళ్లాడట. తిరిగొచ్చేలోగా అది కరిగిపోయిందట, ఆ ఉక్రోషంలోంచే మోటారు పుట్టిందట. కథలో ఎంత నిజముందో గాని, 1909లో ఆయన అమ్మకానికి పెట్టిన ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు మాత్రం నిజం. అంటే ఇది మంచినీటి సరస్సు మీద మొదలైన యంత్రం. ఉప్పునీళ్లకు తర్వాత అలవాటు పడింది, ఇప్పటికీ పూర్తిగా పడలేదు.

అందుకే తీరం నుంచి వచ్చిన మోటారు తన కడుపులో ఉప్పు మోసుకొస్తుంది. దానికి బైకులా గాలి తగిలే రెక్కలుండవు. బోటు నడిచే నీటినే కింది నుంచి పీల్చి, సిలిండర్ల చుట్టూ తిప్పి, బయటికి వదులుతుంది. రోజూ సముద్రంలో తిరిగి, ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడగని మోటారు లోపల ఆ దారులన్నీ ఉప్పు గడ్డకట్టి మూసుకుపోతాయి. పైన వేసిన కొత్త రంగుకు ఆ సంగతి దాచడం తప్ప వేరే పని లేదు. డీసీపల్లి వేలం కేంద్రంలో పొగాకు బేలు పైపొర చూసి ఎవరూ ధర కట్టరు, లోపలికి చెయ్యి పెట్టి ఆకు లాగి చూస్తారు. ఇక్కడా చెయ్యి లోపలికే పోవాలి. బోల్టుల చుట్టూ రంగు పొంగి, గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతోందా? అది అల్యూమినియం తినేసిన ఉప్పు.

ఒక తమాషా. మోటారు కిందిభాగంలో చిన్న లోహపు ముక్క బిగించి ఉంటుంది. ఇంజనుకు బదులు అది తినబడాలి, దాని పుట్టుకే అందుకు. సముద్రపు మోటారుకు జింకు ముక్క పెడతారు. అదే మోటారును సోమశిలకు తెస్తే జింకు మీద గట్టి పొర కట్టి అది పని మానేస్తుంది. మంచినీళ్లకు మెగ్నీషియం ముక్క కావాలి. అమ్మేవాడు ఆ ముక్క మీద కూడా నిగనిగలాడేలా రంగు కొట్టి ఉంటే దానికి తాళం వేసినట్టే. పదేళ్లు సముద్రంలో తిరిగిందంటున్న మోటారుకు ఆ ముక్క అసలు అరగకుండా ఉంటే సంతోషించకండి. నిన్న మార్చి ఉంటారు, లేకపోతే ఇన్నాళ్లూ అది పని చేసి ఉండదు.

ఇక అసలు పరీక్ష. స్టార్ట్ చేయకముందే చేసేది ఇదే, ఒక స్క్రూడ్రైవర్ చాలు. ఫ్యాను దగ్గర గేరు పెట్టెకు కింద ఒక స్క్రూ ఉంటుంది. మోటారును కనీసం ఒక రాత్రి నిలువుగా, కదపకుండా ఉంచమని అడగాలి. మర్నాడు ఆ స్క్రూను కొద్దిగా వదులు చేస్తే మొదటి చుక్కల్లోనే జాతకం బయటపడుతుంది. నూనె కంటే నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది, ముందుగా నీళ్లు కారితే సీలు పోయినట్టే. నూనె పాలు కలిపినట్టు తెల్లగా వచ్చినా అదే జబ్బు. నల్లగా, మాడు వాసనతో వస్తే ఏళ్లుగా ఎవరూ మార్చలేదన్నమాట. స్క్రూ కొనకు అయస్కాంతం ఉన్న మోడళ్లలో దానికి బురదలాంటి మెత్తటి పొడి అంటుకోవడం మామూలే. ముక్కలు అంటుకుంటే గేరు పళ్లు విరుగుతున్నాయన్నమాట. స్క్రూ తియ్యనివ్వనన్నవాడి దగ్గర బేరం ఆడడం దండగ, లేచి వచ్చేయడమే.

సీలు ఎందుకు పోతుందో తెలుసా? చాలాసార్లు దోషం వలదే. నైలాన్ దారం ఫ్యానుకు చుట్టుకుంటుంది, కనిపించినంత మేర కోసి పారేస్తారు. మిగిలిన పోగు ఫ్యాను వెనక, షాఫ్టు చుట్టూ బిగుసుకుని, వేడెక్కి కరిగి, సీలును కోసేస్తుంది. చేపలు పట్టిన బోటు కొంటున్నప్పుడు ఫ్యాను విప్పించి వెనక చూడకపోతే సగం చూపే చూసినట్టు.

నంబరు ప్లేటు సంగతి. మామూలుగా అది బోటు పలకను పట్టుకునే బిగింపు మీద ఉంటుంది. బిగింపును మార్చెయ్యొచ్చు, ప్లేటు పీకెయ్యొచ్చు. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు ఇంజను బ్లాకు మీద నాణెంలా గుండ్రటి బిళ్ల ఒకటి ఉంటుంది, నంబరు దాని మీద కూడా కొట్టి ఉంటుంది. రెండూ కలవకపోతే అది రెండు మోటార్ల అతుకు కావచ్చు, దొంగసొత్తూ కావచ్చు.

ప్లేటు మీది మోడల్ నంబరులో వయసు కూడా దాగి ఉంది. 1980 నుంచి ఈ రెండు బ్రాండ్ల మోటార్లకు సంవత్సరాన్ని అంకెల్లో కాక ‘ఇంట్రడ్యూసెస్’ అనే ఇంగ్లిషు మాటలోని అక్షరాలతో రాశారు. ఐ అంటే 1, ఎన్ 2, టి 3, ఆర్ 4, ఓ 5, డి 6, యు 7, సి 8, ఇ 9, ఎస్ సున్నా. మోడల్ నంబరు చివరి అక్షరాన్ని వదిలేసి దానికి ముందున్న రెండూ చూడాలి. సి, ఓ అని ఉంటే 85, అంటే 1985 మోడల్. ఇ, టి అయితే 1993. “ఐదారేళ్లదే అన్నా” అనేవాడి ముందు వేళ్ల మీద లెక్కగట్టి చెబితే అతని ముఖం చూడాలి! అయితే వయసు తెలిసినంత మాత్రాన విడిభాగాలు దొరకవు. ఈ బ్రాండ్ల మాతృసంస్థ 2000లో దివాలా తీసింది. చేతులు మారాక జాన్సన్ పేరు 2007లో ఆగింది, ఎవిన్‌రూడ్ తయారీ 2020లో. యమహా, సుజుకి ఇంకా చేస్తూనే ఉన్నాయి. మన బోటివాళ్లు ఆ రెండింట్లో ఒకటి చూసుకోవడమే మేలని నా లెక్క.

పై మూత మీద రాసిన హార్స్‌పవర్‌ను నమ్మొచ్చా? నమ్మకూడదు. అమెరికాలో చాలా సరస్సుల్లో పది హార్స్‌పవర్ దాటిన మోటారును రానివ్వరు, అందుకే 9.9 అనే వింత అంకె పుట్టింది. 1974లో ఇదే జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీ 9.9ని, 15ను ఒకే బ్లాకుతో తీసుకొచ్చింది, ముఖ్యమైన తేడా కార్బరేటరులోనే. మూత మారిస్తే 9.9 కాస్తా పదిహేనై కూర్చుంటుంది. చూడాల్సింది మోడల్ నంబరు.

ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకు టూ స్ట్రోక్ కొత్త కాదు. ఈ మోటార్లలో చాలావాటికి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. కాస్త కొత్తవాటికి 50 పాళ్లకు ఒక పాలు, బాగా పాతవాటికి 24కు ఒకటి, ఇంకా వెనక్కి పోతే 16కే ఒకటి. పాతదానికి కొత్త లెక్కన కలిపితే బేరింగులు మాడతాయి. కిరోసిన్ మోటార్లు ఇంకో జాతి, పెట్రోలుతో అంటించి వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. లోపల మసి ఎక్కువ, ప్లగ్గులు విప్పి చూస్తే తెలిసిపోతుంది. ప్లగ్గులు ఎలాగూ విప్పారు కాబట్టి బైకు మెకానిక్కు దగ్గర గేజి ఉంటే కంప్రెషన్ పట్టించండి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పదిశాతం దాటితే ఆలోచించాల్సిందే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పెట్రోలు ఖాళీ చేయకుండా వదిలేసిన మోటారు కార్బరేటరులో ఆ రెండు నెలల్లో జిగురు పడుతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది గనక పాత రబ్బరు పైపులు మెత్తబడి చీలడం అదనం. పైపును వేళ్లతో నొక్కి చూస్తే చాలు.

స్టార్ట్ చేసి చూపించే రోజున మూత తీసి ముందు ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే ఒకసారి నడిపారు, చల్లటి ఇంజను మొరాయిస్తుందని వాళ్లకు తెలుసు. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపనివ్వకండి, లోపలి పంపులోని రబ్బరు రెక్కలు అంతలోనే కాలిపోతాయి. డ్రమ్ము నిండా నీళ్లు పోసి అందులో నడపాలి. వెనక చిన్న రంధ్రం నుంచి సన్నటి ధార ఆగకుండా రావాలి. వరదల్లో బురద నీళ్లలో తిరిగి, తర్వాత వేలంలో అమ్ముడుపోయిన మోటార్లకు ఈ పంపే ముందుగా అరిగిపోతుంది, ఇసుక దాన్ని గీకేస్తుంది. బాగా పాత మోడళ్లకు ఆ రంధ్రమే ఉండదు, పొగతో పాటు తుంపర వస్తుందేమో చూసుకోవాలి.

బోటు వెనక పలకను మాత్రం మరిచిపోవద్దు. ఫైబరు లోపల చెక్క ఉంటుంది, రూపాయి బిళ్లతో కొడితే ఖంగుమనాలి. చచ్చు చప్పుడొస్తే చెక్క కుళ్లింది. పలక ఎత్తు కూడా కొలవాలి. మోటారు కాళ్లు 15, 20 అంగుళాల కొలతల్లో వస్తాయి, పొట్టి పలకకు పొడుగు కాలు తగిలిస్తే అది నీళ్లను ఈడ్చుకుంటూ పోతుంది.

కాగితాలు. తీరపు చేపల బోటుకు ఐఎన్‌డీ–ఏపీతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో అడగండి. లోతట్టు జలాల్లో ఇంజనుతో నడిచే పడవలకు 1917 నాటి చట్టం పోయి 2021 చట్టం వచ్చింది, దాని కింద రిజిస్ట్రేషన్, తనిఖీ రెండూ ఉన్నాయి. సోమశిలలోకి దించాలనుకుంటే, అడ్వాన్సు ఇచ్చేముందే ఈ సంగతి మత్స్యశాఖ కార్యాలయంలో ఒక మాట అడిగి రావచ్చు.