విత్తనంతో పాటు దుక్కి: గర్భాశయ సంసిద్ధతలో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాత్ర

తుంగతుర్తి ప్రాంతపు మెట్ట రైతుకు పంట పోయిన ఏడాదిలో పాడి గేదెయే ఆదరువు. కృత్రిమ గర్భోత్పత్తి చేయించినా గేదె తిరిగి పొర్లితే ప్రతిసారి సుమారు 21 రోజులు వృథా అవుతాయి. చివరకు అది సంతకు చేరుతుంది. వీర్యం మంచిదా కాదా అన్న విచారణే తప్ప, పిండాన్ని స్వీకరించుటకు గర్భాశయం సిద్ధమైనదా అని అడిగేవారు అరుదు. సేద్య శాస్త్రజ్ఞునికి ఇది పదును చూడక మేలి విత్తనం వేయడం వంటిదే.

గేదెకు దగ్గరి బంధువైన ఆవులో పిండం 4-5 రోజులకు గర్భాశయం చేరుతుంది. 16-17 రోజుల నాటికి అది స్రవించే ఇంటర్‌ఫెరాన్-టౌ, ప్రొజెస్టిరాన్‌నిచ్చే కార్పస్ లూటియంను కాపాడుతుంది. అంతకుముందే గర్భాశయపు లోపొరలో జన్యువుల పనితీరు మారాలి. ఈ మార్పును క్రమబద్ధం చేసే వాటిలో ప్రోటీన్లుగా మారని నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు ముఖ్యమైనవి. సుమారు 22 న్యూక్లియోటైడ్ల మైక్రో ఆర్‌ఎన్‌ఏ, సందేశక ఆర్‌ఎన్‌ఏతో జతకూడి ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. దీనిని కనుగొన్న ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది. పిండం అంటుకొనుటకు అవసరమైన సైక్లోఆక్సిజినేజ్-2ను రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు నియంత్రిస్తాయని 2007లో చిట్టెలుకలలో నిరూపితమైంది.

ఈ జ్ఞానం పశువైద్యశాలలో నిత్య పరీక్షగా ఇంకా మారలేదు. అయినను దాని బోధ స్పష్టం. ఈనిన తరువాత గర్భాశయ వాపునకు చికిత్స, ఖనిజ లవణ మిశ్రమం, సకాలంలో ఎద గుర్తింపు అనేవి దుక్కిని సిద్ధం చేసే పనులు. గేదెను గొడ్డుదని అమ్మే ముందు గర్భాశయ పరీక్ష చేయించుమని రైతుకు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తల తక్షణ కర్తవ్యం.