పెనం దగ్గరకూ వచ్చింది మర!
రుబ్బే పని పోయింది.. వడ్డించే పని తగ్గింది.. ఇక దోసె మాస్టర్ వంతా?

బెంగళూరు: చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు నుంచి హోటల్ పనిని నమ్ముకుని నగరం చేరిన తెలుగోళ్లు ఎందరో. ఇప్పుడు వాళ్ల చేతికి మర పోటీ వచ్చింది.

రోలుతో మొదలు
హోటళ్లలో ఒకప్పుడు పిండి రుబ్బడానికే మనుషులుండేవాళ్లు. 1955లో కోయంబత్తూరులో పి.సభాపతి వెట్ గ్రైండర్ తెచ్చాక ఆ పని మెల్లగా పోయింది. గ్రైండర్ల తయారీతో ఆ ఊరి వర్క్‌షాపుల్లో కొత్త పనులు పుట్టాయి. అయితే రోలు వదిలిన చేతికే ఆ పని దొరకాలని లేదుగా!

నిలబడి తినే కాలం
1983లో జయనగరలో కెఫే దర్శిని మొదలైంది. టోకెన్ తీసుకోవాలి, ప్లేటు మనమే తెచ్చుకోవాలి, నిలబడి తినాలి. సర్వర్ల అవసరం తగ్గింది. కానీ ధర అందుబాటులో ఉండటంతో దర్శినులు వీధివీధికీ పాకాయి. పెనం దగ్గర, చట్నీ దగ్గర, గిన్నెలు కడిగే చోట మనుషులు కావలసి వచ్చారు. ఒకచోట పోయిన పని ఇంకోచోట దొరికింది.

ఇప్పుడు వంటే చేస్తోంది
ఈసారి కథ వేరు. బెంగళూరుకే చెందిన ముకుంద ఫుడ్స్ 'దోసామాటిక్' యంత్రం తెచ్చింది. పిండి పోస్తే దోసె చుట్టి ఇస్తుంది. 2022లో ఇదే నగరంలో ఫ్రెషాట్ రోబోటిక్స్ పెట్టిన ఇడ్లీ యంత్రం 12 నిమిషాల్లో 72 ఇడ్లీలు చేసిస్తుందని పేరు తెచ్చుకుంది. పెద్ద ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ఆర్డర్ తీసుకునేది తెరే.

కింది మెట్లకే దెబ్బ
అంచు కరకరగా, మధ్యలో మెత్తగా వచ్చే ముళబాగిలు దోసెకు చేతివాటం కావాలి. చెయ్యి తిరిగిన మాస్టర్‌కు ఇప్పట్లో ఢోకా లేదు. కరెంటు పోయినా, మర మొరాయించినా అతడే దిక్కు. భయమంతా కొత్తగా చేరే పిల్లోడికే. క్లీనర్‌గా చేరి, సప్లయర్ అయి, పిండి కలపడం నేర్చి పెనం దగ్గరకు చేరడం.. మాస్టర్ తయారయ్యే దారి ఇదే. కింది మెట్లు తీసేస్తే పైకి ఎక్కేదెవరు?

మర నడపడం, కడగడం, చిన్న రిపేర్లు చేయడం పనివాళ్లకే నేర్పితే కొంత మేలు. పీఎఫ్, ఈఎస్ఐ లేని 16-59 ఏళ్ల వాళ్లు 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవచ్చు. ఆధార్ ఉండాలి, సొంతూరికి పోనక్కర్లేదు.