రికార్డింగ్ వీడియోలకు పంట పేరు, తేదీ వాటంతటవే పడేలా చేసుకోవడం ఎలా?

వీడియోలో చేసి చూపించినదే, ఆపి ఆపి చూడటం ఇబ్బందిగా ఉన్నవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

సాయంత్రం ఆన్‌లైన్ మీటింగులు, పొలంలో కెమెరా పెట్టి చెప్పిన విషయాలు మనలో కొందరు ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియోతో రికార్డు చేస్తున్నారు. ఉచితంగా దొరుకుతుంది, పని కూడా బాగా చేస్తుంది. కాకపోతే ఫైలుకు తేదీ, టైము తప్ప వేరే పేరు పెట్టదు. పది ఫైళ్లప్పుడు పర్లేదండి. రెండేళ్లయ్యాక "మిరప పూతలో నల్ల తామర పురుగు చూపించిన వీడియో ఏదీ?" అని ఎవరైనా అడిగితే ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే.

నేను ఒకసారి తెలివి ఉపయోగించబోయి దెబ్బతిన్నాను. తేదీ గొడవ ఎందుకని మొత్తం చెరిపేసి, "మీటింగ్" అని ఒక్క మాట పెట్టాను. పక్కనే "ఓవర్‌రైట్ ఇఫ్ ఫైల్ ఎగ్జిస్ట్స్" అని ఉంటే దానికీ టిక్ పెట్టేశాను. ఆ వారం పక్క ఊరి పెద్దాయన ఒకరు నాటు వరి విత్తనం ఎలా ఎండబెట్టి దాచాలో నలభై నిమిషాలు చెప్పారు. తర్వాతి వారం మిరప మీటింగ్ రికార్డు చేశాను. పేరు ఒకటే కాబట్టి పెద్దాయన వీడియో మీదే ఇది ఎక్కి కూర్చుంది! ఆయన్ని బతిమాలితే మళ్లీ చెప్పారు, కానీ మొదటిసారి గింజలు అరచేతిలో పోసుకుని చెప్పినట్టు రాలేదు.

కాబట్టి ముందు ఆ టిక్ తీసేయండి. తీసేస్తే, అదే పేరుతో ఫైలు ఉన్నా కొత్తదానికి నంబరు తగిలించి విడిగా దాస్తుంది.

ఇక అసలు పని. సెట్టింగ్స్‌లో "అడ్వాన్స్‌డ్" నొక్కితే, రికార్డింగ్ భాగంలో "ఫైల్‌నేమ్ ఫార్మాటింగ్" అనే గడి కనిపిస్తుంది. అందులో % గుర్తులతో ఏవో అక్షరాలుంటాయి. అవే సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. వాటిని చెరపకండి. వాటి ముందు పంట పేరు, ఒక అడ్డగీత చేర్చండి, అంతే. సంవత్సరం ముందు, రోజు వెనక ఉండటం మంచిదే. పేర్ల వరుసలో పెడితే వీడియోలు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. మనం రాసుకునే అలవాటుతో రోజును ముందుకు తెస్తే జనవరి 5, జూన్ 5 పక్కపక్కకు వచ్చేస్తాయి.

పంట పేరు తర్వాత అడ్డగీతకు బదులు ఏటవాలు గీత (/) పెడితే, ఆ పేరుతో ఫోల్డరు తయారై వీడియో అందులోకి వెళ్తుంది. నేనైతే పంట పేరు, ఏటవాలు గీత, మళ్లీ పంట పేరు, తర్వాత తేదీ పెట్టుకున్నాను. ఫైలును ఫోల్డరు నుంచి తీసి ఎవరికైనా పంపినా పంట పేరు దాని వెంటే పోతుంది. విండోస్‌లో పేరు మధ్య కోలన్ (:) పనికిరాదు, అందుకే టైము మధ్యలో కూడా అడ్డగీతలే ఉంటాయి.

మరి వరి నుంచి మిరపకు మారినప్పుడల్లా ఇదంతా దిద్దుకోవాలా? అక్కర్లేదు. పైన మెనూలో "ప్రొఫైల్" ఉంటుంది. ఇప్పుడున్న ప్రొఫైల్‌ను "డూప్లికేట్" చేసి మిరప అని పేరు పెట్టండి, దాని గడిలో పంట పేరు మార్చండి. "న్యూ" నొక్కితే మీ పాత సెట్టింగులు రావు, డూప్లికేటే సుఖం. మీరు పెట్టుకున్న సీన్లు ఎక్కడికీ పోవు, అవి ప్రొఫైల్‌లో ఉండవు. అయితే రికార్డింగ్ నడుస్తుండగా ప్రొఫైల్ మార్చలేం. పంట ఎంచుకున్నాకే రికార్డు బటన్ నొక్కాలి. నేను బటన్ పక్కన చిన్న చీటీ అంటించుకున్నాను, నవ్వుకున్నా పర్లేదు.

ఒక్క జాగ్రత్త. తేదీని ఓబీఎస్ ల్యాప్‌టాప్ గడియారం నుంచే తీసుకుంటుంది. పాత ల్యాప్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. పురుగు ఎప్పుడు కనబడింది, నీమాస్త్రం ఎన్నో రోజున కొట్టాం అని వచ్చే ఏడాది ఆ తేదీలే చూసుకోవాలి కాబట్టి, మొదలుపెట్టే ముందు కుడి మూల టైము ఒకసారి చూడండి.

ఎవరు మాట్లాడారో, ఏం చెప్పారో మాత్రం సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఆ రాత్రే ఫైలు మీద ఎఫ్2 నొక్కి, తేదీ తర్వాత "విత్తన నిల్వ" లాంటి రెండు మాటలు చేర్చేయండి. వారం ఆగితే మనకే గుర్తుండదు.