1967 రాష్ట్రపతి ఎన్నిక - ఒక తులనాత్మక పరిశీలన

ఎన్నిక ముగిసిన పిదప గెలిచినవారి పేరు చరిత్రలో నిలుస్తుంది. ఓడినవారి వాదం మరుగున పడుతుంది. కాని అభ్యర్థులను తూచి చూడడం నేర్వదలచిన విద్యార్థికి ఆ రెండవదీ అంతే అవసరం. అందుకు తగిన ఉదాహరణగా 1967 నాటి రాష్ట్రపతి ఎన్నికను మేము ఇచట పరిశీలించదలచినాము. ఆనాటి ప్రధాన అభ్యర్థులలో ఒకరు హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్. మరొకరు రాజమండ్రిలో జన్మించిన కోకా సుబ్బారావు. ఇరువురూ మన నేలతో సంబంధం గలవారే.

ముందుగా విధానాన్ని గ్రహించాలి. శ్రీరంగాపూర్ వంటి గ్రామంలోని ఓటరు రాష్ట్రపతిని నేరుగా ఎన్నుకోడు. ఆ పని పార్లమెంటు సభ్యులు, రాష్ట్రాల శాసనసభ్యులు కలసి చేస్తారు. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యచేత, ఆపైన వేయిచేత భాగిస్తే ఒక్కొక్క సభ్యుని ఓటు విలువ వస్తుంది. 1961 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ జనాభా 3,59,83,447. శాసనసభ్యులు 287 మంది. కనుక 1967లో మన శాసనసభ్యుని ఓటు విలువ 125. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576.

ఆ సంవత్సరపు సాధారణ ఎన్నికలలో కాంగ్రెసు బలం లోక్‌సభలో తగ్గింది. పలు రాష్ట్రాలలో అధికారం చేజారింది. కేంద్రంలో ఒక పక్షం, రాష్ట్రాలలో వేరొక పక్షం పాలించే వేళ రాష్ట్రపతి నిష్పాక్షికుడై ఉండాలన్నది ప్రతిపక్షాల వాదం. ఆ వాదంలో బలం లేకపోలేదు.

వారు నిలిపిన సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తి. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యంలో ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో వెలువడిన తీర్పుకు ఆయన సారథి. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు సైతం లేదని ఆ తీర్పు సారాంశం. మైనారిటీలు తమ విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొనే హక్కు, అనగా 30వ అధికరణం, ఆ ప్రాథమిక హక్కులలోనిదే. మన కళాశాలవంటి సంస్థలకు అదియే పునాది. అయితే అప్పటికి ఆస్తి హక్కు కూడ ఆ జాబితాలోనే ఉండేది. ఆ వ్యాజ్యం పుట్టినదే పంజాబు భూపరిమితి చట్టంపై. భూమిలేని రైతుకు మేలుచేసే చట్టాలకు ఈ తీర్పు అడ్డుగోడ కాగలదని విమర్శకులు భయపడినారు. ఒకే కంచె బలహీనుని పెరటినీ, భూస్వామి పొలాన్నీ కాచింది.

తీర్పు వెలువడిన ఆరు వారాలకు, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేసి పోటీకి దిగినారు. న్యాయపీఠం నుండి నేరుగా రాజకీయ రంగానికి రావడం న్యాయస్థానపు గౌరవానికి తగునా అన్న ప్రశ్న నాడే తలెత్తింది.

ఇక జాకిర్ హుసేన్‌గారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1926 నుండి 1948 వరకు జామియా మిల్లియాకు వైస్-ఛాన్సలరుగా స్వల్ప వేతనంతో సేవచేసినారు. పిదప అలీగఢ్ విశ్వవిద్యాలయ వైస్-ఛాన్సలరుగా, బీహారు గవర్నరుగా, 1962 నుండి ఉపరాష్ట్రపతిగా పనిచేసినారు. ప్లేటో 'రిపబ్లిక్'ను ఉర్దూలోనికి అనువదించినారు. ఆయన పాలకపక్షపు అభ్యర్థి కావడం ఆక్షేపణీయమని కొందరు తలచినారు. ముస్లిం కనుక వలదన్నవారును, ముస్లిం కనుకనే కావలెనన్నవారును లేకపోలేదు. మా దృష్టిలో ఆ రెండును ఒకే పొరపాటు. మతం చూసి తూచినప్పుడు మనిషి తూనికకు రాడు.

మే 6న పోలింగు జరిగింది. అభ్యర్థులు 17 మంది. తొమ్మిదిమందికి ఒక్క ఓటైనా రాలేదు. జాకిర్ హుసేన్‌గారికి 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971 విలువగల ఓట్లు లభించినవి. నామమాత్రపు పోటీలను నివారించుటకై 1974లో పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరచేవారు ఉండాలన్న నిబంధన వచ్చింది.

తూనిక ఎటు మొగ్గుతుంది? రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నడచుకోవలసినవాడు. హక్కుల సిద్ధాంతాన్ని అమలుపరచే అధికారం రాష్ట్రపతి భవనంలో లేదు. అది సుబ్బారావుగారు విడిచివచ్చిన న్యాయపీఠంలోనే ఉన్నది. పక్షాలకు అతీతంగా అందరి విశ్వాసం చూరగొనడం, విద్యనూ వివేకాన్నీ గౌరవించే వాతావరణం కల్పించడం ఆ పదవికి సాధ్యమైన పనులు. వాటికి జాకిర్ హుసేన్‌గారి జీవితమే యోగ్యతాపత్రం. కనుక ఆ ఎంపిక ఉచితమైనదని మా అభిప్రాయం. రెండేండ్లు నిండకమునుపే, 1969 మే 3న, ఆయన పదవిలో ఉండగానే పరమపదించినారు.

ఓడిన వాదం మాత్రం వమ్ముకాలేదు. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చినా, రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదని నిర్ణయించింది. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. బలహీనుని కంచె నిలిచింది; భూస్వామి కంచె సడలింది.

విద్యార్థులు ఏ ఎన్నికనైనా చూచునపుడు మూడు ప్రశ్నలు వేసుకొందురుగాక: ఆ పదవి ఏమి చేయగలదు? ఈ వ్యక్తి ఇంతవరకు ఏమి చేసినాడు? ఇతడు ఓడినా నిలువదగిన మాట ఇతని వాదంలో ఉన్నదా? ఈ మూడవ ప్రశ్నను అడుగగలిగిననాడే మన విద్య సార్థకమవుతుంది.