తేటనీరంతా మంచినీరు కాదు

మన హాస్టల్ వరండాలోని చేపల తొట్టిని చూడని వారుండరు. పోయిన వార్షికోత్సవానికి అతిథులు వస్తున్నారు గదా అని మేము కొందరం కలిసి దానిని శుభ్రం చేశాం. అడుగున ఉన్న గులకరాళ్లను, ఫిల్టరులోని స్పాంజిని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో నానబెట్టి, పాకుడన్నది లేకుండా రుద్దాం. ఆ వాసన పోయేదాకా నాలుగైదుసార్లు కడిగాం. బకెట్లలో ముందురోజే పట్టి ఉంచిన నీళ్లు పోశాం. పండుగనాడు తొట్టి అద్దంలా మెరిసింది. అందరూ మెచ్చుకున్నారు. కానీ వారం తిరక్కుండానే ఆరు గోల్డ్ ఫిష్‌లలో ఐదు చనిపోయాయి.

మేత ఎక్కువ వేసి ఉంటాడని, రోజూ మేత వేసే ఏడో తరగతి తమ్ముణ్ణి అందరం తిట్టాం. అసలు తప్పు ఎవరిదో సైన్సు మాస్టారు వివరించిన తర్వాత గానీ మాకు తెలియలేదు. అది మీ అందరికీ తెలియాలనే ఈ వ్యాసం.

కంటికి కనబడని విషం

చేప తొట్టిలోనే తింటుంది, అక్కడే విసర్జిస్తుంది. దాని మొప్పల నుండి, మలం నుండి, తినగా మిగిలిన మేత కుళ్లడం నుండి అమ్మోనియా పుడుతుంది. చెరువులో అయితే నీరెక్కువ గనుక అది పలచబడిపోతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో పట్టేది సుమారు 56 లీటర్లే. అందులో అమ్మోనియా త్వరగా పేరుకుంటుంది. అది మొప్పలను దెబ్బతీస్తుంది. విచిత్రమేమిటంటే, అమ్మోనియా కలిసిన నీరు కూడా తేటగానే ఉంటుంది.

ఫిల్టరు చేసే పనులు

ఫిల్టరు అంటే జల్లెడ మాత్రమే అనుకుంటాం. నిజానికి అది చేసే పనులు మూడు.

మొదటిది, వడకట్టడం. మన తొట్టిలో ఉన్నది స్పాంజి ఫిల్టరు. ఎయిర్ పంపు నుండి వచ్చే గాలి బుడగలు గొట్టంలో పైకి లేస్తూ నీటిని వెంట తీసుకుపోతాయి. ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీరు స్పాంజి గుండా లోపలికి వస్తుంది. మలినాలు స్పాంజిలో చిక్కుకుంటాయి.

రెండవది, ముఖ్యమైనది, జీవక్రియ. స్పాంజి రంధ్రాలలోను, గులకరాళ్ల మీద ఉన్న జిగురులోను కోట్లాది బాక్టీరియా నివసిస్తాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. అది చేప రక్తాన్ని గోధుమరంగుకు మార్చి, ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. మరికొన్ని బాక్టీరియా ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు హాని చాలా తక్కువ. కొంత నీటి మొక్కలు పీల్చుకుంటాయి, మిగిలింది మనం నీరు మార్చినప్పుడు పోతుంది. ఇలాంటి బాక్టీరియాను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపాడు.

మూడవది, రసాయన క్రియ. కొన్ని ఫిల్టర్లలో వేసే యాక్టివేటెడ్ కార్బన్ రంగును, వాసనను, కొన్ని మందులను పీల్చుకుంటుంది. కొన్ని వారాలకు దాని శక్తి అయిపోతుంది, అప్పుడు మార్చాలి.

ఇప్పుడు మేము చేసిన పని అర్థమై ఉంటుంది. మురికి అనుకుని మేము వదిలించింది చేపలను కాపాడే బాక్టీరియానే. అవి మళ్లీ పూర్తిగా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా ఆరు చేపలు విడిచిన అమ్మోనియా అలాగే నిలిచిపోయింది. నిజానికి ఆ తొట్టికి ఆరు గోల్డ్ ఫిష్‌లు మొదటినుంచీ ఎక్కువే. బాక్టీరియా ఉన్నన్నాళ్లూ ఆ లోటు మాకు కనబడలేదు.

పాటించవలసినవి

1. నీరంతా ఒకేసారి మార్చకూడదు. వారానికొకసారి నాలుగో వంతు మారిస్తే చాలు.

2. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవ ఉంచి పోయాలి.

3. స్పాంజిని కుళాయి కింద కడగరాదు. తొట్టిలో నుండి తీసిన నీటిలోనే రెండు మూడుసార్లు పిండితే చాలు. సబ్బు, బ్లీచింగ్ పౌడరు అసలు వాడరాదు.

4. రెండు మూడు నిమిషాలలో తినేంత మేతే వేయాలి.

5. ఫిల్టరు రాత్రింబగళ్లు నడవాలి. బాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి గదా! కరెంటు పోయినప్పుడు తొట్టిలో నీరు వెనక్కి పాకి పంపులోకి రాకుండా, పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టాలి.

6. కొత్త తొట్టిలో ఒకటి రెండు చేపలతోనే మొదలుపెట్టాలి. పాత తొట్టిలోని స్పాంజి ముక్క దొరికితే అందులో వేయాలి, బాక్టీరియా త్వరగా పెరుగుతుంది.

మిత్రులారా, మన ఊళ్లలో చెరువు నీటిని శుద్ధి చేసే స్లో శాండ్ ఫిల్టర్లు కూడా ఇలాగే పనిచేస్తాయి. లండన్‌లో 1829లోనే జేమ్స్ సింప్సన్ నది నీటికి అలాంటిది కట్టాడు. ఇసుక పైపొరలో పెరిగే సూక్ష్మజీవులే అక్కడ చాలావరకు రోగక్రిములను అడ్డుకుంటాయి. అయినా ఆ నీటిలో క్లోరిన్ కలిపే తాగాలి. తేటగా ఉందని చేపలకు నీళ్లు పోసి మేము మోసపోయాం, తేటగా ఉందని తాగే విషయంలో మీరు మోసపోవద్దు.

మిగిలిన ఆ ఒక్క చేప ఇప్పటికీ బతికే ఉంది. దానికి మేత వేసేది ఆ తమ్ముడే. ఆ రోజు వాణ్ణి తిట్టిన వారిలో నేనూ ఉన్నాను. తప్పు నీది కాదు తమ్ముడూ, మాదే.