మర్రాకేష్ విందు

ఎర్రని గోడల వెనుక రాచమర్యాదలతో సాగే భోజనం ఒకటి. ఆరుబయట జనం వలయంగా మూగి ఆలకించే కథ మరొకటి. మొరాకో ఆతిథ్యానికి ఇవి రెండు ముఖాలు. మొదటిది వర్ధిల్లుతున్నది. రెండవది నిలుస్తుందా?

మర్రాకేష్ పాతనగరంలో పేరున్న భోజనశాలను కనుగొనడానికి కొంత ఓపిక కావాలి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదిగి దారి ఇవ్వవలసినంత ఇరుకు సందులు. ఇరువైపులా కిటికీలు లేని ఎర్రమట్టిరంగు గోడలు. ఆ గోడలో ఒకచోట బరువైన చెక్క తలుపు, దానిపక్కన చిన్న లాంతరు. తలుపు తెరుచుకున్న మరుక్షణమే దృశ్యం మారిపోతుంది. నడుమ నీటితొట్టె, నారింజ చెట్లు, చుట్టూ వసారాలు, రంగురంగుల పింగాణీ ముక్కలతో కూర్చిన జెల్లీజ్ గోడలు, తలపైన చెక్కడపు పనితో నిండిన దేవదారు కప్పు. ఇటువంటి ఇంటిని రియాద్ అంటారు. ఆ అరబ్బీ మాట ఉద్యానాన్ని సూచిస్తుంది. ఇంటి వైభవాన్ని వీధికి చూపక, లోపలికి వచ్చినవారికే చూపడం దాని స్వభావం.

ఈ భోజనశాలలలో అనేకం ఒకప్పుడు కలవారి నివాసాలు. ఇది కాకతాళీయం కాదు. మొరాకోలో మేలైన భోజనమంటే ఇంటి భోజనమే. బాటసారీ, సంతకు వచ్చినవాడూ, కూలివాడూ బయట తింటారు. గౌరవించదగిన అతిథిని మాత్రం ఇంటికే పిలుస్తారు. విందుకు వెలకట్టే అలవాటు అక్కడ ఆలస్యంగా వచ్చినది. 1912 నుండి 1956 వరకు సాగిన ఫ్రెంచి సంరక్షిత పాలనలో విదేశీయుల రాకపోకలు పెరిగాయి. 1946లో ఇద్దరు ఫ్రెంచి వనితలు, తల్లీ కూతుళ్లు, పాతనగరంలో ‘లా మైసోఁ అరాబ్’ అనే భోజనశాలను తెరిచారు. మొరాకో ఇంటివంటను విదేశీయులు రుచి చూడగల చోటుగా అది పేరు పొందినది. ఆనాటినుండి ఈ తరహా భోజనశాలల ప్రయత్నమంతా ఒక్కటే: తాను ఒక అంగడిలో కూర్చున్నానన్న సంగతిని అతిథి మరచిపోవాలి.

అందుకు తగినట్లే మర్యాదలు మొదలవుతాయి. పొట్టి బల్ల చుట్టూ దిండ్లు పరచిన ఆసనాలు. మొదట వచ్చేది అన్నపానాలు కాదు, నీళ్లు. పొడవైన ముక్కు గల ఇత్తడి పాత్రతో గోరువెచ్చని నీటిని అతిథి చేతులపై పోస్తారు. చిల్లుల మూతగల పళ్లెం ఆ నీటిని పట్టుకుంటుంది. సన్నని మెడగల వెండి బుడ్డితో నారింజపూల అర్కును చిలకరిస్తారు. పెళ్లిపందిళ్లలో పన్నీరుబుడ్డిని చూసిన తెలుగువారికి ఈ మర్యాద పరాయిదిగా తోచదు.

చేతితో తినడమూ అంతే. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు, ఈ మూడింటితోనే తినాలి. అందరికీ కలిపి ఒకే పాత్ర; అందులో తనకు ఎదురుగా ఉన్న భాగమే తనది. రొట్టెముక్కే చెంచా. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘ద మాన్ హూ న్యూ టూ మచ్’ (1956) చిత్రంలో మర్రాకేష్ భోజనశాల దృశ్యం ఒకటి ఉన్నది. జేమ్స్ స్టువర్ట్ ధరించిన అమెరికన్ వైద్యుని పాత్ర తన పొడవైన కాళ్లను ఆ పొట్టి బల్ల దగ్గర ఇముడ్చుకోలేక, మూడు వ్రేళ్లతో మాంసాన్ని తుంచలేక పడే అవస్థ చూసి ప్రేక్షకులు నవ్వుతారు. ఆ స్థానంలో మన గోదావరి జిల్లాల పెద్దమనిషి ఎవరైనా కూర్చుని ఉంటే ఆ దృశ్యంలో హాస్యమే పుట్టేది కాదు.

మొదట చిన్నచిన్న గిన్నెలలో వండి చల్లార్చిన కూరలు వస్తాయి: జీలకర్ర వేసిన కారట్టు, మెత్తగా చిదిమిన వంకాయ, కాల్చిన మిరప. తెలియనివారు వీటితోనే కడుపు నింపుకుంటారు. అసలు విందు ఆ తరువాతిది. బస్తీలా అనేది పావురపు మాంసం, గుడ్లు, బాదంపప్పు పొరలుగా పేర్చి, వర్కా అనే పలుచని పిండిరేకులలో మూసి కాల్చిన గుండ్రని వంటకం. పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లుతారు. ఈనాడు పావురానికి బదులు కోడిమాంసమే ఎక్కువగా వాడుతున్నారు. జారుడుగా ఉన్న పిండిముద్దను వేడి రేకుపై అద్ది, అంటుకున్న పొరను ఒలిచి వర్కా తీస్తారు. ఆత్రేయపురంలో కాలిన కుండపై పూతరేకు తీయడం చూసినవారికి ఆ నేర్పు ఎటువంటిదో చెప్పనక్కరలేదు.

ఆ పిమ్మట తాజీన్. శంఖాకారపు మూతగల మట్టిపాత్రకు ఆ పేరు. అందులో వండిన వంటకానికీ అదే పేరు. సన్నని సెగపై లేచిన ఆవిరి మూత లోపలి గోడలకు తగిలి, చల్లబడి, మరల వంటకంలోకే జారుతుంది. అందువల్ల కొద్దిపాటి నీటితోనే మాంసం మెత్తబడుతుంది. ఆలివులు, ఉప్పులో ఊరిన నిమ్మకాయ వేసి వండిన కోడి తాజీన్ ఈ దేశపు ప్రసిద్ధ వంటకం. ఆ నిమ్మకాయ వెనుక మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటి ఉన్నది. 1304లో మొరాకోలోని టాంజియర్‌లో జన్మించిన ఇబన్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఢిల్లీ ఖాజీగా పనిచేశాడు. హిందూదేశంలో పచ్చి మామిడికాయలను ఉప్పులో ఊరవేస్తారనీ, అది తమ దేశంలో నిమ్మకాయలను ఊరవేసినట్లే ఉంటుందనీ తన యాత్రావృత్తాంతంలో వివరించాడు. ఆరువందల యేండ్లకు పైబడి ఆ పోలిక చెక్కుచెదరలేదు.

గోధుమరవ్వను ఆవిరిపై ఉడికించి చేసే కుస్కుస్ సంప్రదాయం ప్రకారం శుక్రవారం మధ్యాహ్నపు భోజనం. యాత్రికుల కోసం భోజనశాలలు దానిని ఏ వారమైనా వడ్డిస్తాయి. 2020లో అల్జీరియా, మారిటేనియా, మొరాకో, ట్యునీసియా దేశాలు నాలుగూ కలసి దీనిని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించాయి. చివరకు పుదీనా వేసిన ఆకుపచ్చ తేనీరు. వెండి కూజాను ఎత్తుగా పట్టి, చిన్న గాజుగ్లాసులో నురగ వచ్చేటట్లు పోస్తారు. మొరాకో ఆతిథ్యానికి చిహ్నమైన ఈ తేనీరు చైనానుండి వచ్చినది. క్రిమియా యుద్ధకాలంలో, అనగా 1853-56 నడుమ, బ్రిటిష్ వర్తకులు తమ సరకును మొరాకో రేవులకు మళ్లించడంతో అది సామాన్యుల ఇండ్లకు చేరినది.

ఇంతటి పాకశాస్త్రాన్ని కాపాడినవారి పేర్లు చాలావరకు చరిత్రకెక్కలేదు. రాజప్రాసాదాలలోనూ ధనికుల గృహాలలోనూ వంటశాలలను ఏలినవారు ‘దాదా’లనే స్త్రీలు. వీరిలో ఎక్కువమంది సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ప్రాంతాలనుండి బానిసలుగా తేబడినవారి సంతతి. వారు కొలతలు వ్రాసుకోలేదు. వాసనతో, రంగుతో, చేతి అంచనాతో నేర్చుకొని, పక్కన నిలుచున్న పిల్లకు నేర్పారు. ఈనాడు మర్రాకేష్‌లో అల్ ఫాసియా వంటి భోజనశాలను స్త్రీలే నడపడం ఆ పరంపరకు దక్కిన గౌరవమే.

ఆ వంటకు తోబుట్టువు వంటి సంగీతం ఒకటి ఉన్నది. భోజనం సగంలో ఉండగా ఇనుప తాళాల చప్పుడు వినవస్తుంది. గవ్వలు కుట్టిన టోపీలు ధరించిన గాయకులు ప్రవేశిస్తారు. వీరు గ్నావాలు. వీరి పూర్వులు కూడా ఎడారి దాటించి తేబడిన బానిసలే. గెంబ్రీ అనే మూడు తంత్రుల వాద్యం మంద్రంగా మ్రోగుతుంటే, టోపీ చివరి కుచ్చు గిరగిర తిరిగేటట్లు తల ఆడిస్తూ నర్తిస్తారు. భోజనప్రియులు చప్పట్లు చరుస్తారు. పావుగంటలో కార్యక్రమం ముగుస్తుంది. కాని గ్నావా సంగీతపు అసలు రూపం ‘లీలా’ అనే జాగరణ. ఆ మాటకు అరబ్బీలో రాత్రి అని అర్థం. రోగపీడితుల ఉపశమనం కోసం, ధూపాల నడుమ, ఒక్కొక్క దేవతాశక్తికి ఒక్కొక్క రంగు వస్త్రం మారుస్తూ తెల్లవారేవరకు సాగే క్రతువు అది. 2019లో యునెస్కో గుర్తింపు పొందినది ఆ సంప్రదాయమే. బల్లల నడుమ సాగే పావుగంట ఆట కాదు.

తరువాత వచ్చే ఉదరనర్తకి సంగతి మరీ చిత్రమైనది. యాత్రికులు మొరాకో నృత్యమని భావించి ఛాయాచిత్రాలు తీసుకునే ఆ నాట్యం ఈజిప్టు మొదలైన తూర్పు దేశాలది. మొరాకో కొండప్రాంతాల సొంత నృత్యం అహ్‌వాష్. ఊరంతా వరుసలుగా నిలిచి, డప్పుల లయకు భుజం భుజం కలిపి కదిలే సామూహిక నృత్యమది. దానిని నాలుగు బల్లల మధ్య ఇరికించడం సాధ్యం కాదు.

అయితే భోజనశాలలను నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. కళాకారునికి అవి రాత్రికింత అని కూలి ఇస్తున్నాయి. ఆ కూలివల్లనే ఎందరి ఇండ్లలోనో పొయ్యి వెలుగుతున్నది, ఎందరో పిల్లలు గెంబ్రీ పట్టుకుంటున్నారు. అడగవలసిన ప్రశ్న వేరు: భోజనశాల తలుపు దాటి లోపలికి రాలేకపోయిన కళ ఏది?

దానికి సమాధానం జమా ఎల్ ఫ్నా మైదానంలో ఉన్నది. పదకొండవ శతాబ్దంలో అల్మొరావిద్‌లు నగరాన్ని స్థాపించిన నాటినుండి ఎదిగిన ఈ కూడలికి పన్నెండవ శతాబ్దపు కుతూబియా మసీదు గోపురం, సుమారు 77 మీటర్ల ఎత్తున, కావలి కాస్తున్నది. పొద్దు వాలగానే బండ్లు వరుసలు తీరుతాయి. నిప్పుల పొగ దీపాల వెలుగులో తేలుతుంది. హరీరా పులుసు, నత్తల చారు, ఉడికించిన గొర్రెతలలు ఒకచోట. మరొకచోట తంజియా, అనగా మసాలాలు వేసిన మాంసాన్ని మట్టిజాడీలో పెట్టి, స్నానశాలల కొలిమి బూడిదలో గంటల తరబడి మగ్గబెట్టిన శ్రామికుల వంటకం. ఇక్కడ పక్కన కూర్చున్నవాడు యాత్రికుడైనా కావచ్చు, బండి తోలేవాడైనా కావచ్చు.

బండ్లకు ఆవల జనం వలయాలుగా నిలబడతారు. ఈ వలయాన్ని హల్కా అంటారు. ఒకదానిలో గ్నావాలు, ఒకదానిలో దొమ్మరివారి వంటి విన్యాసకులు, ఒకదానిలో కథకుడు. వీరుని మెడపై కత్తి లేచిన ఘట్టంలో కథకుడు ఆగిపోతాడు. నాణేలు పడిన తరువాతనే కత్తి దిగుతుంది. హరికథలో దాసుగారి పళ్లెం చుట్టూ తిరిగి వచ్చేవరకు వేచిన శ్రోతలకు ఈ విరామం సుపరిచితమే. 1954లో ఇక్కడకు వచ్చిన రచయిత ఎలియాస్ కనెట్టి, తరువాత 1981లో నోబెల్ బహుమతి పొందినవాడు, భాష తెలియకపోయినా ఈ కథకుల చుట్టూ నిలిచి ముగ్ధుడైనాడు.

కాని కనెట్టి వంటి శ్రోతలు అరుదు. తాళానికి అనువాదం అక్కరలేదు, నాట్యానికీ అక్కరలేదు, వంటకు అసలే అక్కరలేదు. కథకు మాత్రం భాష తెలిసిన శ్రోత కావాలి. అందుచేత భోజనశాల సంగీతాన్ని లోపలికి పిలిచి, కథకుని వెలుపల వదిలివేసినది. మైదానంలోనేమో పర్యాటకుల రద్దీ, ధ్వనివర్ధకాల హోరు అతని కంఠాన్ని మ్రింగివేశాయి. ఇంటింటా వెలసిన టెలివిజన్ అతని శ్రోతలను ఎత్తుకుపోయినది. వృద్ధులు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే వలయాలు తగ్గిపోయాయి.

ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించినవారిలో ముఖ్యుడు మర్రాకేష్‌లో స్థిరపడిన స్పానిష్ రచయిత హువాన్ గోయ్‌తిసోలో (1931-2017). రాతికట్టడాలను కాపాడినట్లే కంఠస్థ విద్యలనూ కాపాడాలని అతడు వాదించాడు. ఆ కృషి ఫలితంగా 1997లో యునెస్కో నిపుణులు మర్రాకేష్‌లోనే సమావేశమైనారు. 2001లో ప్రకటించిన మొదటి 19 మౌఖిక, అమూర్త వారసత్వ కళాఖండాలలో ఈ మైదానపు సంస్కృతి ఒకటి. మన కేరళదేశపు కూడియాట్టం మరొకటి. చప్పుడు చేసే ఒక కూడలి, దేవాలయపు కూత్తంబలంలో పుట్టిన ఒక నాటకం ఒకే జాబితాలో సరసన నిలిచాయి.

బిరుదు వచ్చినంతమాత్రాన కష్టాలు తీరలేదు. 2011 ఏప్రిల్ 28న మైదానపు అంచున ఉన్న కాఫీశాలలో బాంబు ప్రేలి 17 మంది మరణించారు. 2020లో కోవిడ్ వ్యాధి మైదానాన్ని నిర్మానుష్యం చేసినది. దినదినం పళ్లెంలో పడే నాణేలపై బ్రతికేవారికి ఆ నిశ్శబ్దమే పస్తు. 2023 సెప్టెంబరు 8 రాత్రి వచ్చిన 6.8 తీవ్రత గల భూకంపంలో అట్లాస్ కొండల పల్లెలలో దాదాపు మూడు వేలమంది చనిపోయారు. మైదానం పక్కనున్న చిన్న మసీదు గోపురం కూలినది. అయినా కొద్ది దినాలలోనే పొయ్యిలు మళ్లీ రాజుకున్నాయి.

కథకూ ఒక ఆశ మిగిలినది. వృద్ధ కథకుల వద్ద శిష్యరికం చేసిన యువతీయువకులు ఇప్పుడు కాఫీశాలలలో అరబ్బీతోపాటు ఇంగ్లీషులోనూ కథలు వినిపిస్తున్నారు. 2022లో మర్రాకేష్‌లో అంతర్జాతీయ కథాకథన ఉత్సవం మొదలైనది. కథకుని గడప దాటించడానికి భాష అడ్డమైతే, ఆ యువకులు భాషనే తలుపుగా మార్చుకున్నారు. ఇల్లు దాటి అంగడికి చేరిన బస్తీలా తన రుచిని పోగొట్టుకోనట్లే, వీధి దాటిన కథ కూడా నిలదొక్కుకోవచ్చును.

అంతవరకు మర్రాకేష్‌కు వెళ్లే అతిథి చేయగలిగినది చాలా చిన్నపని. రియాద్‌లో విందు ఆరగించి, వెండి కూజా తేనీరు సేవించి, నేరుగా బసకు పోకుండా మైదానంవైపు నడవవచ్చును. అర్థం కాకపోయినా ఒక కథకుని ముందు పదినిమిషాలు నిలబడి, ఒక నాణెం వేయవచ్చును. విందుకు డబ్బిచ్చే అతిథి ఒక్కడున్నా భోజనశాల తెరిచే ఉంటుంది. చుట్టూ మనుషులు నిలబడనిదే హల్కా అనే మాటకు అర్థమే లేదు.